చావు మాట ఎత్తితే నాన్న ఎందుకు లేచి వెళ్ళిపోతారు?

మీ ప్రశ్న ఇది. మీ నాన్నగారు ఎనభైకి దగ్గర పడ్డారు. వీలునామా అన్నా, "రేపు మీకేమైనా అయితే" అన్నా కోప్పడి లేచి వెళ్ళిపోతారు. దాదాపు అదే వయసున్న మీ అత్తగారు మాత్రం "నాదేముంది, ఎప్పుడు పిలుపొస్తే అప్పుడే" అంటారు. ఈ తేడా ధైర్యంలో ఉందా, భక్తిలో ఉందా, లేక వాళ్ళు తమ గురించి తాము ఏమనుకుంటున్నారు అన్నదాంట్లో ఉందా?

నా జవాబు మూడోది. మా నాన్ననూ, మా పెద్దమ్మనూ చివరిదాకా దగ్గరుండి చూసుకున్నాను. ఆ తర్వాత ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళి అక్కడి పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడుతూ ఉండేదాన్ని. ఇంట్లోనూ అక్కడా చూసిన మీదట నాకు బలంగా అనిపించేది ఏమిటంటే, ఒక మనిషి ఇన్నాళ్ళూ ఎవరిగా బతికాడో, ఆ మనిషి ఒంట్లో ప్రాణం ఉండగానే మాయమైపోతాడన్న భయమే చాలామందిని చావు మాట విననివ్వదు. మనం ఆరోగ్యం గురించి, ఆస్తి గురించి మాట్లాడుతున్నాం అనుకుంటాం. వాళ్ళకు వినపడేది వేరు.

మా నాన్న అకౌంటెంటు. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, మా పెద్ద కుటుంబం లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఎవరి అప్పు ఎంత, ఏ పిల్లవాడిని ఏ చదువులో చేర్చాలి, ఏ ఇల్లు ఎప్పుడు అమ్మాలి, అన్నిటికీ చివరి మాట ఆయనదే. ఆ హోదా ఆయన అడిగి తీసుకున్నది కాదు, నమ్మకం మీద వచ్చి చేరింది. ఆ రోజుల్లో ఆయనకు చావు గురించి మాట్లాడటం అసలు ఇబ్బందే కాదు. ఇన్సూరెన్సు కాగితాలు ముందేసుకుని "నేను పోతే ముందు ఈ ఫైలు తీయండి, తర్వాత ఆ ఫైలు" అని మాకు మామూలుగా చెప్పేవారు. అమ్మ వద్దని వారించేది గానీ ఆయన ఆపేవారు కాదు.

అదే మనిషి, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఆ ఊసే విననిచ్చేవారు కాదు. ఇంట్లో అందరూ ప్రేమకొద్దీ ఆయన భారాలన్నీ తలా ఒకటి తీసుకున్నారు. బ్యాంకు పనులు తమ్ముడు చూసేవాడు. సలహా కోసం ఎవరైనా ఫోన్ చేస్తే "ఆయన పడుకున్నారు" అనే జవాబు వెళ్ళేది. డాక్టరు ఒకసారి చాలా మెల్లగా, "ముందు ముందు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ఇప్పుడే అనుకుని రాసి పెట్టుకుంటే మంచిది" అన్నారు. నాన్న ఇంటికొచ్చి డాక్టరును మార్చమన్నారు. మాకు అర్థం కాలేదు. యాభైల్లో అంత నిబ్బరంగా ఉన్న మనిషికి ఇప్పుడు ఇంత టెన్షన్ ఎందుకు?

తర్వాత దాయాదుల మధ్య ఒక పాత వాటా తగాదా మళ్ళీ లేచింది. ఆ లెక్కలు నాన్నకు తప్ప ఎవరికీ తెలియవు. తప్పనిసరై కాగితాలన్నీ ఆయన మంచం దగ్గరికి చేరాయి. మాట కాస్త ముద్దగా వచ్చేది, అయినా ఒక్కొక్క అంకె చెప్పి రాయించారు. రెండు వైపులవాళ్ళూ వచ్చి ఆయన ముందు కూర్చున్నారు. ఆ పని ముగిశాక కొన్నాళ్ళకు, ఎవరూ అడగకుండానే, "ఆ డాక్టరు చెప్పిన కాగితం సంగతి చూద్దాం" అన్నారు. రాయించింది చాలా చిన్నది. కోలుకునే ఆశ లేనప్పుడు గొట్టాలు వేసి ఉంచవద్దు. దాని కింద ఇంకో వాక్యం: నాకు తెలివి ఉన్నంతవరకు ఏది చేసినా నన్ను అడిగి చెయ్యండి. ఆయనకు కావలసిందంతా ఆ రెండో వాక్యంలో ఉంది. నిర్ణయం తీసుకునే మనిషిగా ఆయనను ఉండనిస్తే, తన చావు కూడా ఆయన తీసుకోగల నిర్ణయాల్లో ఒకటి. ఆ స్థానం లాగేసుకుని చావు గురించి మాట్లాడమంటే, ముందే సగం పంపించేశారని ఆయనకు అనిపించింది.

ఇది ఒక్క మా ఇంటి సంగతే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. వృద్ధుల్లో మరణభయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 1999లో ఫోర్ట్‌నర్, నైమేయర్ అనే ఇద్దరు ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఎవరిలో భయం ఎక్కువగా కనిపించిందంటే శరీర బాధలు ఎక్కువ ఉన్నవాళ్ళలో, మానసిక ఇబ్బందులు ఉన్నవాళ్ళలో, ఇంకా తమ జీవితం మొత్తాన్ని కలిపి చూసుకుని "ఇది నాది, సరే" అనుకోలేనివాళ్ళలో. భక్తి ఎంత ఉందన్నది మాత్రం పెద్దగా తేడా చూపలేదు. మీ ప్రశ్నలో భక్తి మాట వచ్చింది కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఆ మూడోది మొదట చెప్పినవాడు ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త, 1950లో. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. చివరి దశలో ప్రతివాళ్ళ ముందూ ఉండే పని, గడిచిన బతుకును తనదిగా ఒప్పుకోవడం. జరిగినవాటిలో మంచీ ఉంటుంది, చెడూ ఉంటుంది, అన్నిటినీ కలుపుకుని "వేరేలా జరిగి ఉంటే బాగుండేదేమో గానీ, జరిగింది ఇదీ, బతికింది నేనూ" అనుకోగలిగితే చావు అంత భయపెట్టదని ఆయన అభిప్రాయం. అలా అనుకోలేకపోతే, మళ్ళీ మొదలుపెట్టడానికి టైమ్ లేదన్న నిరాశ మిగులుతుంది. వృద్ధాశ్రమంలో నేను దీన్ని కళ్ళారా చూశాను. చావంటే ఎక్కువ కలవరపడేవాళ్ళలో చాలామందికి తేలని పాత సంగతి ఏదో ఉండేది. మాటలు లేని కొడుకు, చెప్పకుండా ఉండిపోయిన క్షమాపణ, చేయాలనుకుని ఎవరికోసమో వదిలేసుకున్న పని. చావు మాట రాగానే వాళ్ళు ఆ పాత సంగతిలోకే వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంకొకటి కూడా మనం మరిచిపోతాం. పెద్దవాళ్ళు లోపల తమను ముసలివాళ్ళుగా అనుకోరు. నలభై దాటినవాళ్ళు సగటున తమ అసలు వయసు కంటే 20 శాతం దాకా చిన్నవాళ్ళమన్నట్టు భావిస్తారని రూబిన్, బెర్న్‌ట్‌సెన్ 2006లో చూపించారు. అంటే ఎనభై ఏళ్ళ మనిషి లోపల అరవై నాలుగేళ్ళవాడు ఉంటాడు. మీరు "రేపు మీకేమైనా అయితే" అన్నప్పుడు మీ కళ్ళకు కనిపించే మనిషి వేరు, నాన్నగారు లోపల మోస్తున్న మనిషి వేరు. ఇది తెలిశాక నాకు పెద్దవాళ్ళ కోపం మీద చాలా గౌరవం కలిగింది. అందులో మొండితనం కంటే అవమానం ఎక్కువ.

ఇక మా పెద్దమ్మ. ఆవిడ కథ మీ అత్తగారి కోసం చెప్తున్నాను.

పెద్దమ్మకు పిల్లలు లేరు. చిన్నతనంలోనే భర్త పోయాడు. కుట్టుపని నేర్చుకుని, తర్వాత ఎంతోమంది ఆడపిల్లలకు నేర్పింది. "నేనెవరు" అని అడిగితే ఆవిడ ఒక్క జవాబు చెప్పేది కాదు. కుట్టు నేర్పే మనిషి, మా అందరికీ పెద్ద దిక్కు, పాటలంటే ప్రాణం పెట్టే మనిషి, పక్కింటి పిల్లలకు లెక్కలు దిద్దే మనిషి. డెబ్బైల్లో కళ్ళు మందగించి కుట్టు మానేసినప్పుడు కొన్నాళ్ళు బాధపడింది, అంతే. ఆవిడ "నేను" చాలా స్తంభాల మీద కట్టిన పందిరి, ఒకటి విరిగితే పక్కది మోసింది. నాన్న విషయంలో అన్ని బరువులూ ఒక్కదాని మీదే ఉన్నాయి. ఆ రోజుల్లో పెద్దమ్మ చావు గురించి మాట్లాడితే వినడానికి హాయిగా ఉండేది. తన తర్వాత ఏ వస్తువు ఎవరికో నవ్వుతూ పంచిపెట్టింది. ఎవరికి నేర్పిన పని వాళ్ళ చేతుల్లో ఉంది కదా, ఇంక నాదేం పోతుంది అనేది.

ఎనభై దాటాక కూడా ఆవిడ "నేను సిద్ధమే" అంటూనే ఉంది. ఇంట్లో అందరూ అదే పాత నిబ్బరం అనుకున్నారు. కానీ ఆ మాట వచ్చే తీరు మారింది. ఇదివరకు మాటల మధ్యలో వచ్చేది, ఇప్పుడు మాటలు ఆగిపోయిన చోట వస్తోంది. తిండి తగ్గింది. పాటలు పెట్టమనడం మానేసింది. "దేవుడు నన్ను మరిచిపోయాడు" అనేది. వినికిడి బాగా తగ్గిపోయి, అందరి మధ్యా కూర్చున్నా ఆవిడకు ఏదీ అందేది కాదు. ఆవిడ ఉన్న గదిలోనే ఆవిడ గురించి వేరేవాళ్ళతో మాట్లాడేవాళ్ళు. చూడటానికొచ్చిన ఒక డాక్టరు అది గమనించి, ఇది వైరాగ్యం కాదు, డిప్రెషన్ అని చెప్పారు. మందులు మొదలయ్యాయి, చెవికి మిషన్ పెట్టించాం. అన్నీ మారిపోలేదు గానీ, పాట పెట్టమని అడగడం మళ్ళీ మొదలైంది. చావంటే ఆవిడకు అప్పుడూ భయం లేదు. కాకపోతే తొందర పోయింది.

పాల్ వాంగ్ అనే మనస్తత్వవేత్త, సహచరులతో కలిసి 1994లో ప్రచురించిన పనిలో, చావును ఒప్పుకోవడం మూడు రకాలుగా ఉంటుందన్నాడు. మొదటిది, బతుకులో ఇదీ ఒక భాగమే అని ఊరుకోవడం. రెండోది, దీని తర్వాత ఇంకా మంచిదేదో ఉందన్న నమ్మకంతో ఎదురుచూడటం. మూడోది, ఈ బతుకు మోయలేక తప్పించుకోవాలనుకోవడం. పైకి మూడూ ఒకేలా వినిపిస్తాయి. పెద్దమ్మ మొదటి రకం నుంచి మూడో రకానికి జారింది, మాటేమీ మారకుండానే.

నెదర్లాండ్స్‌లో వాన్ వైన్‌గార్డెన్ అనే పరిశోధకురాలి బృందం 2015లో ఒక అధ్యయనం ప్రచురించింది. ప్రాణం తీసే జబ్బేమీ లేకపోయినా "నా జీవితం ముగిసింది, ఇక చాలు" అంటున్న 25 మంది వృద్ధులతో వాళ్ళు సుదీర్ఘంగా మాట్లాడారు. అందులో బయటపడ్డవి ఒంటరితనం, తాను ఎవరికీ లెక్కలోకి రావడం లేదన్న బాధ, తానేమిటో చూపించుకునే దారి లేకపోవడం, అన్ని రకాల అలసట, ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుందన్న రోత. ఇవి దాదాపు అన్నీ "నేను" అనే భావానికి తగిలిన దెబ్బలే. చావు మీద కోరిక కలగడానికి ముందు, తాను ఒక మనిషినన్న ధీమా పోయింది. ఇది చదివినప్పుడు నాకు పెద్దమ్మ మూసుకుపోయిన ముఖమే గుర్తొచ్చింది.

భక్తి, తత్త్వజ్ఞానం సంగతికి వస్తే, మా మామయ్య ఒకరు ఉండేవారు. జీవితమంతా ఆధ్యాత్మిక పుస్తకాలే. "ఈ దేహం నేను కాదు" అని ఆయన వివరిస్తే వినేవాళ్ళు కదలకుండా కూర్చునేవాళ్ళు. ఆయనకు క్యాన్సర్ వచ్చాక చాలా భయపడ్డారు. అంత చదివి ఏం లాభం అని కొందరు వెనకాల అన్నారు. ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది. 2018లో నికల్స్, స్ట్రోమింజర్ తదితరులు ఒక అధ్యయనంలో టిబెటన్ బౌద్ధ భిక్షువులను, మామూలు టిబెటన్లను, హిందువులను, అమెరికన్లను చావు గురించి అడిగారు. "స్థిరమైన నేను అంటూ ఏదీ లేదు" అన్నది భిక్షువుల చదువులో మూలసూత్రం. అయినా తమ ఉనికి అంతమైపోతుందన్న భయం అందరికంటే భిక్షువుల్లోనే ఎక్కువ కనిపించింది. పరిశోధకులే ఆశ్చర్యపోయారు. నేను దీన్ని భిక్షువుల మీద తప్పుగా చూడను. బుద్ధితో ఒప్పుకున్న సంగతి ఒంట్లోకి దిగడానికి పుస్తకం చాలదు. మామయ్యకు చివర్లో నెమ్మది ఇచ్చింది ఆయన పాఠాలు విన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఫలానా రోజు మీరు చెప్పిన మాట నాకు ఇలా పనికొచ్చింది అని చెప్పడం. అది వింటూ ఆయన నిద్రపోయేవారు.

మతిమరుపు జబ్బుల గురించి క్లుప్తంగా చెప్తాను. చావుకన్నా మతి పోతుందని ఎక్కువ భయపడే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు. "నేను నేనుగా ఉండను కదా" అంటారు. ఈ విషయంలో ఒక ఊరట ఉంది. ఇలాంటి జబ్బులున్నవాళ్ళ కుటుంబాలను అడిగి 2015లో స్ట్రోమింజర్, నికల్స్ చేసిన అధ్యయనంలో, "ఈ మనిషి మా మనిషి కాదు" అనిపించేలా చేసింది జ్ఞాపకాలు పోవడం కంటే మంచితనం, దయ, నిజాయితీ లాంటి గుణాలు మారిపోవడమే అని తేలింది. పేర్లు మరిచిపోయినా ప్రేమగా చెయ్యి పట్టుకునే మనిషి ఇంట్లోవాళ్ళకు ఆ మనిషే.

ఇప్పుడు మీరేం చేయవచ్చు? నాన్నగారితో చావు దగ్గర మొదలుపెట్టకండి, ఆయన దగ్గర మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు పాత సంగతులు పదేపదే చెప్పడాన్ని ఒకప్పుడు చాదస్తం కింద కొట్టిపారేసేవాళ్ళు. రాబర్ట్ బట్లర్ అనే సైకియాట్రిస్టు 1963లో, అది చావు దగ్గరవుతోందని తెలిసిన మనసు తన బతుకును తానే సమీక్షించుకోవడం, చాలా సహజం, అవసరం కూడా అని రాశాడు. కెనడాలో హార్వీ చోచినోవ్ అనే సైకియాట్రిస్టు దీన్ని చికిత్సగా మలిచాడు. చివరి దశలో ఉన్న మనిషిని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఏ రోజుల్లో మీరు నిజంగా బతికారనిపించింది? మీరు చేసినవాటిలో మీకు గర్వంగా ఉన్నదేది? మీ గురించి మీవాళ్ళకు ఏం తెలియాలి, వాళ్ళు ఏం గుర్తుపెట్టుకోవాలి? చెప్పింది రికార్డు చేసి, రాసి, సరిదిద్ది, వాళ్ళ చేతికే ఇస్తారు, తమవాళ్ళకు వదిలి వెళ్ళడానికి. 2005లో 100 మంది మీద వచ్చిన ఫలితాల్లో, నాలుగింట మూడు వంతులకు పైగా మంది తమ గౌరవం పెరిగినట్టు అనిపించిందన్నారు. 2011లో మరింత కట్టుదిట్టంగా చేసిన పరీక్షలో మానసిక వేదన కొలతలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు గానీ, మేలు జరిగిందని చెప్పినవాళ్ళు ఎక్కువే. మంత్రంలా పనిచేస్తుందని నేను అనను. కానీ ఇంట్లో, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ, తొందరపడకుండా చేయగలిగిన పని ఇది.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఆయన చెప్పేదాన్ని మీరు సరిదిద్దకండి, "అదేం కాదు నాన్నా, మీరు చాలా చేశారు" అని తేల్చేయకండి. పశ్చాత్తాపం వస్తే రానివ్వండి. దానికి ఎవరైనా మనిషి ఉంటే, ఆ మనిషితో మాట్లాడించడానికి వీలుందేమో చూడండి. ఈలోగా ఆయన తీసుకోగల నిర్ణయాలను, అవి ఎంత చిన్నవైనా, ఆయననే తీసుకోనివ్వండి. నిజమైన పనే ఇవ్వండి. కాలక్షేపానికి ఇచ్చిన పనిని పెద్దవాళ్ళు ఇట్టే పసిగడతారు. వీలునామా మాట ఎత్తాల్సి వచ్చినప్పుడు "మీరు పోతే మేమేం చేయాలి" అనకుండా, "మీరు ఎలా జరగాలనుకుంటున్నారో మాకు చెప్పండి, అలాగే చేస్తాం" అనండి. మొదటి మాటలో ఆయన లేరు, రెండోదాంట్లో ఆయనదే పెత్తనం.

మీ అత్తగారిని కూడా ఒకసారి విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. కోపం చూపే నాన్నగారి మీద అందరి దృష్టీ ఉంది, ఆవిడ "నాదేముంది" అంటుంటే నిశ్చింతగా ఉన్నారు. నిజంగానే నిండుగా బతికిన మనిషి నిబ్బరం కావచ్చు, అయితే సంతోషమే. కానీ ప్రపంచంలో దాదాపు అన్ని ప్రాంతాల్లోనూ ఆత్మహత్యల రేటు 70 దాటినవాళ్ళలోనే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నివేదికలో చెప్పింది. అందుకని అడగండి. నిద్ర పడుతోందా, తినబుద్ధి అవుతోందా, ఇష్టమైనవాటి మీద ఇంకా మనసుందా, రేపటి రోజున ఎదురుచూసేది ఏమైనా ఉందా, ఎవరికైనా భారమవుతున్నానని అనిపిస్తోందా. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి కూడా వెనకాడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. జవాబుల్లో ఏది తేడాగా అనిపించినా డాక్టరుకు చూపించండి, చెవులూ కళ్ళూ కూడా పరీక్ష చేయించండి. వయసు వచ్చాక ఇలాగే ఉంటారులే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముసలితనంలో వచ్చే డిప్రెషన్‌కు కూడా మంచి వైద్యం ఉంది.